మహమ్మారి వచ్చినా ఆగకూడని చికిత్స

కంటి శుక్లాల ఆపరేషన్ మూడు నెలలు ఆగగలదు. మోకాలి చిప్ప మార్పిడి ఆగగలదు. హెర్నియా కూడా చాలావరకు ఆగుతుంది. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యేసరికి దేశంలోని ఆసుపత్రులు ఇలాంటి వాటినన్నిటినీ వాయిదా వేశాయి. మంచాలు, ఆక్సిజన్, మాస్కులు, మత్తు డాక్టర్లు అన్నీ కోవిడ్ వార్డులకే కావలసిన రోజులవి, ఆ నిర్ణయాన్ని తప్పుపట్టలేం. కానీ చాలాచోట్ల ఆ వాయిదాల జాబితాలోకి మరొకటి కూడా చేరిపోయింది. అది మానసిక వైద్యంలో ఈసీటీ అని పిలిచే ఎలక్ట్రోకన్వల్సివ్ థెరపీ. జనం నోట షాక్ ట్రీట్‌మెంట్, కరెంటు పెట్టడం.

వారం రోజులుగా మెతుకు ముట్టని, గుక్కెడు నీళ్లు మింగని, పిలిస్తే పలకని మనిషి మూడు నెలలు ఆగలేడు. కెటటోనియా అనే స్థితి అది. కూర్చోబెడితే కూర్చున్నట్టే, చెయ్యి పైకెత్తి వదిలితే ఎత్తినట్టే చాలాసేపు ఉండిపోతారు. నోట్లో పెట్టిన ముద్ద బుగ్గనే ఉండిపోతుంది. ఒంట్లో నీరు తగ్గి మూత్రపిండాలు దెబ్బతింటాయి. కదలిక లేని కాళ్లలో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణమే పోవచ్చు. ముందుగా లోరాజెపామ్ ఇంజెక్షన్ ఇచ్చి చూస్తారు. చాలామంది దానితోనే తేరుకుంటారు. తేరుకోనివారికి మిగిలిన బలమైన ఆయుధం ఈసీటీయే.

ఈసీటీ అవసరమయ్యేది వీరొక్కరికే కాదు. తన పేగులు కుళ్లిపోయాయని, తినే అర్హత తనకు లేదని గట్టిగా నమ్మి పస్తులుండే తీవ్ర డిప్రెషన్ రోగులున్నారు. ఇంట్లోవాళ్లు కంటిమీద కునుకు లేకుండా కాపలా కాయాల్సినంత బలంగా చావు ఆలోచనలు ముంచెత్తినవారున్నారు. ప్రసవం తర్వాత మతిచలించి, బిడ్డను కూడా గుర్తించలేని బాలింతలున్నారు. డిప్రెషన్ మాత్రలు పూర్తిగా పనిచేయడానికి వారాలు పడుతుంది. ఈసీటీలో రెండో మూడో సిట్టింగ్ అయ్యేసరికే చాలామందిలో మార్పు కనిపిస్తుంది. అమెరికాలో 60 ఏళ్లు దాటిన 240 మంది తీవ్ర డిప్రెషన్ రోగులకు ఈసీటీతో పాటు వెన్లాఫాక్సిన్ మాత్ర ఇచ్చి చూస్తే, దాదాపు 62 శాతం మందిలో జబ్బు లక్షణాలు పూర్తిగా తగ్గిపోయాయి. ప్రైడ్ అనే పేరుతో జరిగిన ఈ అధ్యయన ఫలితాలు 2016లో వెలువడ్డాయి.

అందుకే మహమ్మారి తొలి నెలల్లోనే అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్, ఈసీటీ నిపుణుల అంతర్జాతీయ సంఘం ఒకే మాట చెప్పాయి. ఇది వాయిదా వేసుకోగలిగిన చికిత్స కాదు, అత్యవసరంగా అందాల్సిన వైద్యమే అన్నాయి. అయినా చాలా దేశాల్లో ఈసీటీ గదులకు తాళాలు పడ్డాయి. మన దేశంలో సైకియాట్రీ శిక్షణ ఇచ్చే ఆసుపత్రులను లాక్‌డౌన్ కాలంలో ఆరా తీసినప్పుడు, బాగా దెబ్బతిన్న సేవల్లో ఈసీటీ కూడా ఉందని తేలింది.

ఈ చికిత్సే ఎందుకు ముందుగా ఆగిపోయింది? కారణం తెలియాలంటే ఆ గదిలో ఏం జరుగుతుందో దగ్గరగా చూడాలి.

ఈసీటీ పొద్దున్నే చేస్తారు. రోగి అంతకుముందు కనీసం ఆరు గంటలు ఏమీ తినకూడదు, కాబట్టి రాత్రి భోజనమే ఆఖరు. సిస్టర్ గాజులు, గొలుసులు, కట్టుడు పళ్లు తీయించి, వెంట వచ్చినవాళ్ల చేతికిస్తుంది. చేతికి కాన్యులా పెడతారు. వేలికి ఆక్సిజన్ కొలిచే క్లిప్పు, గుండెమీద ఈసీజీ తీగలు, నుదుటిమీద మెదడు తరంగాలు చూపే తీగలు తగిలిస్తారు. ఒక కాలి మడమ పైన బీపీ పట్టీ చుడతారు, అది ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది. మత్తు డాక్టర్ థయోపెంటోన్ గానీ ప్రొపోఫాల్ గానీ ఎక్కించగానే నిమిషంలోపు కళ్లు మూతపడతాయి. ఆ వెంటనే కాలి పట్టీలో గాలి నింపి బిగించి, కండరాలను సడలించే సక్సినైల్‌కోలిన్ ఇస్తారు. ముఖం దగ్గర మొదలై కాళ్లదాకా చర్మం కింద సన్నని వణుకు పాకుతుంది. అది ఆగిందంటే కండరాలన్నీ వదులైనట్టే. పట్టీ బిగించిన పాదానికి మాత్రం ఆ మందు చేరదు.

నాలుక తెగకుండా పళ్లమధ్య రబ్బరు దిమ్మ పెట్టి, కణతల దగ్గర ఎలక్ట్రోడ్లు ఆనించి మీట నొక్కుతారు. కరెంటు వెళ్లేది కొన్ని సెకన్లే. మెదడులో మూర్ఛ మొదలవుతుంది. మంచంమీద మాత్రం పెద్దగా ఏమీ కనిపించదు. పట్టీ కట్టిన ఆ ఒక్క పాదం లయగా కొట్టుకుంటుంది, డాక్టర్ దాన్ని చూస్తూ సెకన్లు లెక్కపెడతాడు. సాధారణంగా 20 నుంచి 60 సెకన్లలో అది ఆగిపోతుంది. జబ్బును నయం చేసేది కరెంటు కాదు, ఆ మూర్ఛ. పావుగంటలో రోగి కళ్లు తెరుస్తాడు. కాసేపు తికమక ఉంటుంది, తలనొప్పి ఉండొచ్చు. కొందరికి ఈ చికిత్స జరిగిన వారాల నాటి జ్ఞాపకాలు మసకబారతాయి. కొద్దిమందిలో పాత జ్ఞాపకాల వెలితి ఎక్కువకాలం ఉంటుంది. ఈ విషయాన్ని డాక్టర్లు ముందే చెప్పాలి.

సినిమాల్లో చూపించేది ఇది కాదు. కట్టేసి, నోట్లో గుడ్డ కుక్కి, మెలకువలో ఉండగానే షాక్ ఇచ్చే దృశ్యాలు ఎన్ని తరాలకు భయం నేర్పాయో చెప్పలేం. ఆ భయానికి ఒకప్పుడు ఆధారం ఉంది. 1934లో బుడాపెస్ట్‌లో లాడిస్లాస్ మెడూనా కర్పూరంతో మూర్ఛ తెప్పించి మానసిక రోగులకు వైద్యం చేశాడు. 1938 ఏప్రిల్‌లో రోమ్ నగరంలో ఉగో చెర్లెట్టి, లూచియో బీనీ మందుకు బదులు కరెంటుతో మూర్ఛ తెప్పించారు. మత్తు, కండరాల సడలింపు లేని ఆ తొలి రోజుల్లో రోగుల ఎముకలు విరిగేవి. ఇప్పుడు మన దేశంలో అలా చేయడం చట్టవిరుద్ధం. 2018 మే నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 95వ సెక్షన్ మత్తు, కండరాల సడలింపు లేకుండా ఈసీటీ ఇవ్వడాన్ని నిషేధించింది. పలు దేశాల్లో జరిగిన ఏడున్నర లక్షలకు పైగా ఈసీటీ సిట్టింగ్‌లను లెక్కలోకి తీసుకున్న ఒక సమీక్షలో, ప్రతి లక్ష సిట్టింగ్‌లకు దాదాపు ఇద్దరు మరణించినట్టు తేలింది. పూర్తి మత్తు ఇచ్చి చేసే చికిత్సల్లో ఇది చాలా తక్కువ సంఖ్య.

ఇక కరోనా సంగతి. రోగిని భద్రంగా ఉంచే ఆ మత్తూ, ఆ కండరాల మందే మహమ్మారిలో వైద్యులకు గండమయ్యాయి. సక్సినైల్‌కోలిన్ పడ్డాక ఛాతీ కండరాలు కూడా పనిచేయవు. నాలుగైదు నిమిషాలపాటు రోగి తనంతట తాను ఊపిరి తీసుకోలేడు. ఆ నిమిషాల్లో మత్తు డాక్టర్ రోగి తల దగ్గర నిలబడి, ముక్కూ నోరూ కలిపి మాస్కు అదిమి పట్టి, అంబూ బ్యాగ్ నొక్కుతూ ఊపిరి అందిస్తాడు. మాస్కు అంచు ఎంత బాగా అదిమినా ఎక్కడో గాలి తప్పించుకుంటుంది. గడ్డం, మీసం ఉంటే మరీను. మెలకువ వచ్చేటప్పుడు రోగి దగ్గుతాడు. డాక్టర్ ముఖానికీ రోగి నోటికీ మధ్య దూరం మూరెడు కూడా ఉండదు.

దానికి తోడు ఈసీటీ ఒక్కసారితో అయిపోదు. వారానికి రెండు మూడు చొప్పున, మొత్తం ఆరు నుంచి పన్నెండు సిట్టింగ్‌లు కావాలి. ఒకే గదిలో, అదే సిబ్బంది చేతుల్లో, ఒక్కో పూట పదిమంది రోగులు వరసగా వచ్చిపోతారు. ఒకరికి వైరస్ ఉంటే మిగిలినవారికీ, వారి నుంచి వార్డుకూ పాకడానికి ఇంతకన్నా అనువైన చోటు ఉండదు. మానసిక వైద్యశాలల వార్డుల్లో మాస్కు పెట్టించడం, దూరం పాటింపజేయడం ఎంత కష్టమో అక్కడ పనిచేసే సిస్టర్లకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. అంటే ఈసీటీ ఆపిన వైద్యుల భయం ఉత్తది కాదు. ఆపకుండా ఎలా చేయాలన్న ఆలోచన దగ్గరే దేశాలు, ఆసుపత్రులు వేరువేరు దారులు పట్టాయి.

సింగపూర్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెంటల్ హెల్త్ వైద్యులు, న్యూయార్క్‌లోని మౌంట్ సైనాయ్ వైద్యులు 2020లోనే తమ పద్ధతులను రాసి ప్రపంచం ముందు పెట్టారు. 2003లో సార్స్‌ను ఎదుర్కొన్న నగరం కావడంతో సింగపూర్‌కు అంటువ్యాధి క్రమశిక్షణ కొత్త కాదు. ఆ కాలంలో వచ్చిన ఇలాంటి సూచనలన్నిటినీ పక్కపక్కన పెట్టి చదివితే ఒకటి స్పష్టమవుతుంది. ఈసీటీని భద్రంగా కొనసాగించడానికి కొత్త యంత్రాలేవీ అక్కర్లేదు. అలవాటుగా చేస్తున్న ప్రతి పనినీ ఇది నిజంగా అవసరమా అని ప్రశ్నించుకోవడమే కావాల్సింది.

ఉదాహరణకు అంబూ బ్యాగ్‌నే తీసుకోండి. మామూలు రోజుల్లో మూర్ఛ బాగా రావడానికని కరెంటు పెట్టేముందు బ్యాగ్‌ను చకచకా నొక్కి, రక్తంలో కార్బన్ డయాక్సైడ్‌ను తగ్గించడం చాలాచోట్ల ఆనవాయితీ. మహమ్మారిలో అది మానేశారు. దాని బదులు మత్తు ఇవ్వడానికి ముందే, రోగి తన ఊపిరి తాను తీసుకుంటుండగానే మూడు నుంచి ఐదు నిమిషాలు మాస్కుతో నూటికి నూరు పాళ్లు ఆక్సిజన్ ఇచ్చారు. మామూలు గాలిలో ఆక్సిజన్ ఉండేది 21 శాతమే. ఊపిరితిత్తుల్లోని ఆ గాలి స్థానంలో పూర్తిగా ఆక్సిజన్ నిండితే, కండరాల మందు ప్రభావం దిగేదాకా చాలామందికి ఆ నిల్వే సరిపోతుంది. వేలి క్లిప్పు అంకె పడిపోతుంటేనే బ్యాగ్ అందుకుంటారు, అదీ చిన్న చిన్న ఊపిరులతో, మెల్లగా. బోస్టన్ వైద్యులు ఇలా చేసి బ్యాగ్ వాడకాన్ని బాగా తగ్గించగలిగామని ప్రకటించారు. స్థూలకాయులకూ గర్భిణులకూ మాత్రం ఈ నిల్వ త్వరగా అయిపోతుంది, వారి విషయంలో ముందే సిద్ధంగా ఉండాలి.

బ్యాగ్ నొక్కక తప్పనప్పుడు మాస్కుకీ బ్యాగ్‌కీ మధ్య వైరస్‌ను పట్టి ఉంచే ఫిల్టర్ ఒకటి బిగిస్తారు. అరచేతిలో ఇమిడిపోయే ప్లాస్టిక్ డబ్బా అది. ఒకరు రెండు చేతులతో మాస్కు అదిమి పడితే, మరొకరు బ్యాగ్ నొక్కుతారు. అందరికీ ఎన్-95 మాస్కు, కళ్లకు అడ్డు, గౌను, చేతి తొడుగులు. గదిలో మనుషులను తగ్గించడం ఇంకో మార్పు. బోధనాసుపత్రుల్లో ఈసీటీ జరుగుతుంటే పీజీ విద్యార్థులు చుట్టూ మూగి చూడటం రివాజు. ఆ గుంపును బయటే ఆపేశారు.

గాలి సంగతి చాలామందికి తట్టనిది. గదిలో గాలి గంటకు ఎన్నిసార్లు పూర్తిగా మారుతుందన్నదే ఇక్కడ లెక్క. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం పట్టిక ప్రకారం గంటకు 12 సార్లు మారే గదిలో, గాల్లో తేలే కణాల్లో 99 శాతం పోవడానికి 23 నిమిషాలు పడుతుంది. ఆరుసార్లే మారితే 46 నిమిషాలు. ఆ గదిలో ఒక రోగి అయ్యాక 46 నిమిషాలు ఆగి, పావుగంట చికిత్స చేస్తే గంటకు ఒక్కరే. పదిమందికి చేసే పూటలో నలుగురితో సరి. కిటికీలు బిగించి, ఏసీ వేసి, తలుపు మూసే మన చాలా ఈసీటీ గదుల్లో గాలి ఎన్నిసార్లు మారుతుందో కొలిచినవారే తక్కువ. రోగి కోలుకునే గదిలోనూ ఇదే సమస్య. ఎక్కువ దగ్గులు వినిపించేది అక్కడే. కిటికీలు తెరిచి, బయటికి గాలి తోసే ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టడం లాంటి చవక పనులకు ఎవరి అనుమతీ అక్కర్లేదు.

అన్ని ఉపాయాలూ పనికి రాలేదు. తైవాన్ డాక్టర్ లాయ్ షియెన్‌యుంగ్ రూపొందించిన పారదర్శక పెట్టెను 2020లో మన దేశంలోనూ చాలామంది తయారుచేయించుకున్నారు. రోగి తలమీద బోర్లించి, రెండు రంధ్రాల్లోంచి చేతులు దూర్చి పనిచేయాలి. చూడటానికి భద్రంగానే ఉంటుంది. కానీ డాక్టర్ చేతులు కట్టేసినట్టయి, పని ఆలస్యమై, పెట్టె తీసేటప్పుడు లోపలి గాలంతా ఒక్కసారిగా బయటికొచ్చే ప్రమాదం ఉందని తేలింది. గాలి పీల్చే యంత్రం లేని ఇలాంటి పెట్టెలకు తాను ఇచ్చిన అత్యవసర అనుమతిని అమెరికా ఎఫ్‌డీఏ అదే ఏడాది ఆగస్టులో వెనక్కి తీసుకుంది.

ఇన్ని జాగ్రత్తలకు మూలమైన నమ్మకం కూడా తర్వాత పరీక్షకు నిలబడాల్సి వచ్చింది. మాస్కుతో ఊపిరి అందించడం వల్ల గాల్లోకి విపరీతంగా తుంపర్లు చిమ్ముతాయన్నది సార్స్ కాలం నుంచి వస్తున్న భావన. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ పరిశోధకులు ఆపరేషన్ థియేటర్లలో సున్నితమైన పరికరాలు పెట్టి ఆ కణాలను లెక్కించారు. మాస్కు అంచు నుంచి కావాలనే గాలి పోనిచ్చినా సరే, వెలువడే కణాలు మనిషి ఒక్కసారి దగ్గినప్పటికన్నా ఎంతో తక్కువని తేల్చారు. అంటే వైద్యులు ఎక్కువగా భయపడాల్సింది నిద్రపోతున్న రోగికి కాదు, మెలకువ వచ్చి దగ్గే రోగికి. ఈ సంగతి 2020 మార్చిలోనే తెలిసి ఉంటే ఎన్ని ఈసీటీ గదులు మూతపడకుండా ఉండేవో. తెలియనప్పుడు అతి జాగ్రత్త తప్పు కాదు. తెలిశాక కూడా పాత నిబంధనలే పట్టుకుని వేలాడటం మాత్రం తప్పు.

ఇక కోవిడ్ పరీక్ష. ముక్కులోంచి స్వాబ్ తీసి ఆర్‌టీపీసీఆర్ చేయిస్తే సరిపోతుందని మొదట్లో అనుకున్నారు. ఆ ఫలితం వచ్చేసరికే ఒకటి రెండు రోజులు. సోమవారం నెగిటివ్ వచ్చిన రోగికి బుధవారానికి వైరస్ అంటుకోదన్న హామీ లేదు. నాలుగు వారాల్లో ఎనిమిది సిట్టింగ్‌లంటే ఎనిమిది సార్లు ముక్కులో పుల్ల పెట్టాలా? భయంతో మూలకు ఒదిగి కూర్చున్న మనిషికి అది ఎంత నరకమో ఆలోచించాలి. 2020 జూన్‌లో ర్యాపిడ్ యాంటిజెన్ పరీక్షలకు అనుమతి రావడంతో కొంత వెసులుబాటు దొరికింది. జ్వరం, దగ్గు, వాసన తెలియకపోవడం గురించి ప్రతిసారీ అడగడం, చికిత్స పూర్తయ్యేదాకా రోగిని వార్డులోనే ఉంచి బయటి రాకపోకలు ఆపడం, పాజిటివ్ అయినవారికి ఆ రోజు అందరికన్నా చివర చేయడం ఆచరణలో నిలబడ్డ పద్ధతులు. పాజిటివ్ వచ్చినంత మాత్రాన ఈసీటీ అసాధ్యం కాదు. కోవిడ్ ఉన్న రోగులకే ఈసీటీ ఇచ్చి, కోలుకునేలా చేసిన సందర్భాలను వివిధ దేశాల వైద్యులు పత్రికల్లో నమోదు చేశారు. కోవిడ్ వచ్చాక కెటటోనియాలోకి జారినవారూ వారిలో ఉన్నారు.

కోవిడ్ తగ్గాక ఎన్నాళ్లకు మత్తు ఇవ్వవచ్చు? 116 దేశాల్లో లక్షా నలభై వేలకు పైగా రోగులను పరిశీలించిన ఒక అంతర్జాతీయ అధ్యయనం, వీలైతే ఏడు వారాలు ఆగి ఆపరేషన్ చేయడం మేలని 2021లో చెప్పింది. మోకాలి ఆపరేషన్‌కు ఈ సలహా బాగానే ఉంటుంది. అన్నం మానేసిన మనిషికి ఏడు వారాలు అనడం సలహా అనిపించుకోదు. అక్కడ డాక్టర్ ఊపిరితిత్తుల పరిస్థితిని, గుండెను, ఆగితే జరిగే నష్టాన్ని పక్కపక్కన పెట్టి చూసి నిర్ణయించాలి. ఏ పట్టికా ఆయనకు బదులుగా ఆ పని చేయలేదు.

ఈసీటీ ఆపని చోట్ల కొత్తగా మొదలుపెట్టాల్సినవారిని వదిలేయకపోయినా, ఇప్పటికే కోలుకుని నెలకోసారో పదిహేను రోజులకోసారో వచ్చి ఈసీటీ తీసుకునేవారిని చాలా ఆసుపత్రులు ఇంటికి పంపేశాయి. బాగానే ఉన్నారు కదా, కొన్నాళ్లు ఆగితే ఏమవుతుందన్నది వాదన. ఏమవుతుందో అంతకు 19 ఏళ్ల ముందే తెలుసు. 2001లో అమెరికాలో జరిగిన ఒక అధ్యయనంలో, ఈసీటీతో కోలుకున్నాక ఉత్తుత్తి మాత్ర ఇచ్చినవారిలో 84 శాతం మందికి ఆరు నెలల్లోపే డిప్రెషన్ తిరగబెట్టింది. నార్ట్రిప్టిలిన్ ఇచ్చినవారిలో 60 శాతం, దానికి లిథియం కూడా కలిపినవారిలో 39 శాతం. మహమ్మారి ఆ పాఠాన్ని మళ్లీ చెప్పింది. బెల్జియంలో ఇలా ఉన్నట్టుండి ఈసీటీ ఆగిపోయినవారిని గమనిస్తే, ఆరు నెలల్లో సగానికి కాస్త తక్కువ మందికి జబ్బు తిరిగొచ్చింది. అది వైరస్ చేసిన కీడు కాదు.

మన దగ్గర పరిస్థితి వేరే రకంగా చిక్కుముడి పడింది. అనంతపురం, చిత్తూరు ప్రాంతాల కుటుంబాలు దశాబ్దాలుగా మానసిక వైద్యానికి బెంగళూరు నిమ్హాన్స్‌కు వెళతాయి. లాక్‌డౌన్‌లో బస్సులు లేవు, రాష్ట్రం దాటాలంటే పాసులు కావాలి. హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకో, విశాఖ చినవాల్తేరు మానసిక వైద్యశాలకో పల్లెల నుంచి రావాలన్నా అదే తిప్పలు. రోగి వెంట ఒకరు తప్పనిసరిగా ఉండాలి, వాళ్లకూ పరీక్షలు, వాళ్లకూ తిండి. పైగా అంగీకారం సంగతి ఉంది. అత్యవసరం పేరుతో ఎవరినీ అడక్కుండా ఈసీటీ ఇవ్వడానికి మన చట్టం ఒప్పుకోదు. నోరు తెరవలేని రోగి తరఫున మాట్లాడే కుటుంబసభ్యుడు ఊళ్లో చిక్కుకుపోతే, ఆసుపత్రి చేతులూ కట్టుబడిపోతాయి. వచ్చినవాళ్లు కూడా గుమ్మం దగ్గరే ఆగి అడిగేది ఒకటే: "సార్, అసలే కరోనా టైము. ఈ కరెంటు ఇప్పుడే పెట్టాలా? మాత్రలతో లాగలేమా?" ఆ ప్రశ్నలో వైరస్ భయం సగమైతే, షాక్ అన్న మాటకు పుట్టే పాత భయం సగం. ఓపిగ్గా కూర్చోబెట్టి, ఆగితే ఏమవుతుందో కూడా చెప్పే డాక్టర్ దొరికిన కుటుంబానిది అదృష్టమే.

2021 వేసవిలో రెండో అల వచ్చినప్పుడు ఆక్సిజన్ కోసం దేశమంతా అలమటించింది. మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ట్యాంకర్ ఆలస్యమై 11 మంది చనిపోయిన సంగతి తెలుగువాళ్లు మరిచిపోలేరు. అలాంటి రోజుల్లో ఈసీటీ కోసం ఆక్సిజన్ అడగడానికి ఏ సైకియాట్రిస్టుకైనా నోరు రాదు. నిజానికి ఒక సిట్టింగ్‌కు కావలసింది కొద్ది నిమిషాల ఆక్సిజన్, కొద్ది మోతాదు మత్తుమందు, ఒక మత్తు డాక్టర్ తాలూకు పావుగంట. వెంటిలేటర్ మీద రోజుల తరబడి ఉండే ఒక్క రోగికి అయ్యేదానితో పోలిస్తే ఇది ఏపాటి? కానీ ఆ కొద్దిపాటి కూడా ఎవరూ ముందుగా పక్కన పెట్టలేదు. ప్రసవాలకు, డయాలసిస్‌కు, గుండెపోటుకు మహమ్మారిలోనూ దారి ఉంచాలని అందరికీ తోచింది. ఈసీటీ గుర్తుకు రాలేదు. మానసిక జబ్బుతో మనిషి చనిపోతాడన్న సంగతి మన ఆరోగ్య వ్యవస్థ ఇంకా మనస్ఫూర్తిగా ఒప్పుకోలేదనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

కోవిడ్ అంతర్జాతీయ అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న ప్రకటించింది. ఇంకో అంటువ్యాధి రాదని ఎవరూ అనలేరు. ఈసారి జిల్లా, రాష్ట్ర స్థాయిల్లో అంటువ్యాధుల ప్రణాళిక రాసేవారు ఆపకూడని సేవల జాబితాలో ఈసీటీ పేరు చేర్చాలి. ఎర్రగడ్డలోనూ విశాఖలోనూ గాలి ధారాళంగా ఆడే ఈసీటీ గది, కోలుకునే గది ఉండాలి. ఫిల్టర్లు, మాస్కులు నిల్వ ఉండాలి. మత్తు డాక్టర్లందరినీ ఐసీయూలకు పంపేటప్పుడు వారంలో రెండు పూటలు ఒకరిని ఇక్కడికి కేటాయించాలి. వీటిలో ఏదీ కోట్ల ఖర్చుతో కూడింది కాదు.

కుటుంబాలు చేయగలిగింది కూడా ఉంది. ఇంట్లోవాళ్లకు ఈసీటీ అవసరమని డాక్టర్ చెబితే భయపడి వెనక్కి తగ్గే ముందు అడగండి: ఎందుకు ఇప్పుడే, ఆగితే ఏమవుతుంది, ఎన్ని సిట్టింగ్‌లు, జ్ఞాపకశక్తి మాటేమిటి, ఇన్‌ఫెక్షన్ అంటకుండా ఏం చేస్తున్నారు? జవాబు పొందడం మీ హక్కు. మధ్యలో ఏ కారణం చేతనైనా చికిత్స ఆగిపోతే, నిద్ర తగ్గడం, తిండి మానడం, మాట తగ్గడం కనిపించిన మొదటి రోజే డాక్టర్‌కు చెప్పండి, ముదిరేదాకా ఆగకండి. ఎవరికి చెప్పాలో తోచకపోతే కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయవచ్చు. ఆ సేవ ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు.